ఎడం తప్పిన క్షణం

2001 జనవరి 31, బుధవారం. మధ్యాహ్నం 3 గంటల 54 నిమిషాలు. టోక్యో శివార్లలో టొకొరొజావా అనే ఊళ్లో ఉన్న విమాన నియంత్రణ కేంద్రం. రాడార్ తెర ముందు 26 ఏళ్ల కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఆ సీట్లో ఇంకా పని నేర్చుకుంటున్నాడు. వెనకాలే 32 ఏళ్ల సీనియర్ కంట్రోలర్. ఆ పూటకి ఆమే అతనికి గురువు. తెర మీద పది విమానాల దాకా కదులుతున్నాయి.

ఉన్నట్టుండి తెర మీద హెచ్చరిక వెలిగింది. రెండు విమానాలు ఒకదానికొకటి మరీ దగ్గరవుతున్నాయని దానర్థం. రెండూ జపాన్ ఎయిర్‌లైన్స్‌వే. ఒకటి 907... టోక్యోలోని హనేడా నుంచి ఒకినావా దీవిలోని నాహాకు వెళ్తున్న బోయింగ్ 747. 39 వేల అడుగులకు ఎక్కుతోంది. రెండోది 958... కొరియాలోని బుసాన్ నుంచి నరిటాకు వస్తున్న డీసీ-10. 37 వేల అడుగుల ఎత్తులో ఉంది. 958ని 35 వేలకు దించేస్తే చాలు, పేచీ తీరిపోతుంది. కుర్రాడి ఆలోచన కూడా అదే. సరైన ఆలోచనే. వెంటనే మైకులో చెప్పేశాడు.

అతను దిగమని చెప్పాలనుకున్నది 958కి. నోట్లోంచి వచ్చింది మాత్రం 907!

పెద్దాణ్ణి పిలవబోయి చిన్నాడి పేరు పిలవని తల్లి ఏ ఇంట్లోనూ ఉండదు. 'నేను కాదమ్మా' అని వాడంటాడు, నవ్వేసి ఊరుకుంటాం. ఆకాశంలో 907 అలా అనలేదు. ఎక్కుతున్నవాణ్ణి దిగమంటున్నారేమిటా అని పైలట్‌కు అనిపించే ఉంటుంది. కానీ ఆదేశం స్పష్టంగా తన పేరు మీదే వచ్చింది. నిబంధన ప్రకారం ఆదేశాన్ని తిరిగి అప్పజెప్పి దిగడం మొదలుపెట్టాడు. ఆ అప్పగింతలో '907' అన్న మాట గదిలో వినపడింది. శిష్యుడు పట్టుకోలేదు. గురువూ పట్టుకోలేదు.

ఎంత దూరం?

విమాన నియంత్రణలో కంట్రోలర్ చేసే పనినంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే... విమానాల మధ్య ఎడం ఉంచడం. ఇంగ్లిష్‌లో 'సెపరేషన్' అంటారు. ఎంత ఎడం? దేశాన్ని బట్టి, రాడార్ సత్తాను బట్టి మారుతుంది. ఇప్పుడు చాలాచోట్ల పాటిస్తున్న లెక్క ప్రకారం పై ఎత్తుల్లో నిలువునా 1000 అడుగులు, లేదంటే అడ్డంగా 5 నాటికల్ మైళ్లు. అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు. రెండింట్లో ఏదో ఒకటి ఉండి తీరాలి. రెండూ తగ్గిపోతే దాన్ని 'లాస్ ఆఫ్ సెపరేషన్' అంటారు. ఎడం తప్పడమన్నమాట.

9 కిలోమీటర్లంటే బోలెడు దూరం కదా అనిపిస్తుంది నేల మీద ఉన్నవాళ్లకి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో రెండు విమానాలు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. వాటి మధ్య దూరం సెకనుకు అర కిలోమీటరు చొప్పున కరిగిపోతుంది. 9 కిలోమీటర్లు దాటడానికి 20 సెకన్లు కూడా పట్టదు. రెండు ముక్కలు మాట్లాడి, అవతలివాడు 'సరే' అనేలోగా అయిపోతుంది.

ఎడం తప్పినంత మాత్రాన ఢీకొంటాయని కాదు. నూటికి తొంభై తొమ్మిది సార్లు ఢీకొనవు. ప్రయాణికులకు తెలియనైనా తెలియదు. కాఫీ తాగుతూనే ఉంటారు. చెమటలు పట్టేది కింద చీకటి గదిలో కూర్చున్న మనిషికే.

ఆ మనిషికి విమానాలు కళ్లకు కనిపించవు. తెర మీద చుక్కలూ వాటి పక్కన అంకెలూ కనిపిస్తాయంతే. వాటిని చూస్తూ ఇంకో రెండు నిమిషాల తర్వాత ఏది ఎక్కడ ఉంటుందో మనసులోనే బొమ్మ గీసుకోవాలి. బొమ్మ కుదిరినంతసేపూ పని నల్లేరు మీద బండి నడకే. ఒక్కసారి చెదిరిందా... మళ్లీ అతుక్కోవడం కష్టం. ఆ రోజు టొకొరొజావాలో జరిగింది అదే. 958 దిగుతుందని కుర్రాడు చూస్తున్నాడు, అది దిగడం లేదు. కుడికి తిరగమని దానికి చెప్పాడు. జవాబు లేదు. గురువు చప్పున మైకు అందుకుంది. కంగారులో ఆమె దిగమన్నది... 957ని! అసలు ఆ నంబరుతో అక్కడ విమానమే లేదు.

ఈ లోపల విమానాల్లో ఇంకో గొంతు పలకడం మొదలైంది. టీకాస్ అని ఒక పరికరం ఉంటుంది. దగ్గరవుతున్న రెండు విమానాల్లోని టీకాస్‌లూ వాటిలో అవే మాట్లాడుకుని, ఒక పైలట్‌ను ఎక్కమని, ఇంకొకణ్ణి దిగమని చెబుతాయి. కింద మనిషి పొరపడినా పైన యంత్రం కాపాడాలన్నది ఏర్పాటు. ఆ రోజు టీకాస్ తన పని తాను చక్కగా చేసింది. 907ని ఎక్కమంది, 958ని దిగమంది. 958 దిగింది. 907 కెప్టెన్ మాత్రం అప్పటికే ఇంజిన్ల జోరు తగ్గించి దిగుతున్నాడు. కంట్రోలర్ దిగమన్నాడు, యంత్రం ఎక్కమంటోంది. ఎవరి మాట వినాలి? ఇప్పుడు ముక్కు పైకెత్తితే విమానం పట్టు తప్పుతుందేమోనన్న భయం ఒకటి. ఆయన కంట్రోలర్ మాటే విన్నాడు. రెండూ దిగుతున్నాయి!

చివరికి కాపాడింది కళ్లే. ఎదురుగా పెద్ద విమానం కనబడగానే 907 కెప్టెన్ ముక్కును ఒక్కసారిగా కిందికి తోసేశాడు. డీసీ-10 పొట్ట కింద నుంచి జంబో దూసుకుపోయింది. అప్పటికి రెండింటి మధ్య దూరం 135 మీటర్లని దర్యాప్తులో తేలింది. విమానం పొడవే 70 మీటర్లు! బెల్టు పెట్టుకోనివాళ్లు, పానీయాలు ఇస్తున్న సిబ్బంది, వాళ్ల బండి... అన్నీ ఎగిరి కప్పుకు కొట్టుకున్నాయి. 907లో 100 మందికి దెబ్బలు తగిలాయి, 9 మందికి గట్టిగానే. 958లో ఎవరికీ ఏమీ కాలేదు. రెండింటిలో కలిపి 677 మంది. ఒక్క ప్రాణం కూడా పోలేదు.

నోరు జారిన క్షణం నుంచి విమానాలు దాటుకున్న క్షణం దాకా మొత్తం ముప్పావు నిమిషం.

పదిహేడు నెలల తర్వాత...

ఒకవైపు మనిషి, ఒకవైపు యంత్రం... ఇద్దరూ చెరో మాట చెబితే పైలట్ ఎవరిది వినాలి? జపాన్ ఘటన లేవదీసిన అసలు ప్రశ్న ఇది. ఇది జపాన్‌కో, ఒక విమాన సంస్థకో పరిమితమైంది కాదు. అప్పటికి చాలా దేశాల విమానాల్లో టీకాస్ ఉంది గానీ, దీనికి అందరూ ఒప్పుకున్న ఒకే జవాబు లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో దృష్టికి జపాన్ ఈ సంగతి తీసుకెళ్లింది. నియమాలు మాత్రం వెంటనే మారలేదు. జపాన్‌లో దర్యాప్తుతో పాటు పోలీసు విచారణా సాగింది. దర్యాప్తు సంఘం తుది నివేదిక 2002 జులై 12న వెలువడింది. పదకొండు రోజులు ఆలస్యమైంది.

2002 జులై 1 రాత్రి. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ నియంత్రణ కేంద్రంలో పీటర్ నీల్సన్ అనే డెన్మార్క్ దేశస్థుడు డ్యూటీలో ఉన్నాడు. అనుభవజ్ఞుడు. ఉండాల్సినవాళ్లు ఇద్దరు. రెండో ఆయన విశ్రాంతికి వెళ్లాడు. రాత్రిపూట విమానాలు తక్కువ కాబట్టి ఒకరు పడుకోవడం అక్కడ ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న అలవాటు. పైవాళ్లకూ తెలిసిందే. ఆ రాత్రే రాడార్ వ్యవస్థకు మరమ్మతు పెట్టుకున్నారు. దాంతో విమానాలు దగ్గరైతే తెర మీద వెలగాల్సిన హెచ్చరిక పనిచేయడం లేదు. అది పనిచేయదని నీల్సన్‌కు తెలియదు. టెలిఫోన్ ప్రధాన లైన్లూ కట్టేశారు. ఇవి చాలవన్నట్టు ఆలస్యమైన ఎయిర్‌బస్ ఒకటి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగడానికి వచ్చింది. దాని కోసం ఇంకో తెర, ఇంకో ఫ్రీక్వెన్సీ. కుర్చీ ఈ బల్ల నుంచి ఆ బల్లకు జరుపుకుంటూ ఒక్కడే రెండూ చూస్తున్నాడు. ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కు ఫోన్ చేస్తే కలవదు. మళ్లీ చేస్తే కలవదు.

ఆ ఫోన్‌తో కుస్తీ పడుతున్న నిమిషాల్లోనే జర్మనీలోని ఊబర్లింగెన్ మీద రెండు విమానాలు ఒకే ఎత్తులో, 36 వేల అడుగుల వద్ద, ఒకే చోటికి వస్తున్నాయి. ఒకటి మాస్కో నుంచి బార్సిలోనా వెళ్తున్న రష్యా విమానం టుపొలెవ్-154. అందులో 69 మంది. ఉఫా నగరం నుంచి సెలవులకు బయల్దేరిన బడిపిల్లలే 45 మంది. రెండోది ఇటలీలోని బెర్గామో నుంచి బ్రసెల్స్ వెళ్తున్న సరుకు విమానం బోయింగ్ 757. అందులో ఇద్దరు పైలట్లు. పక్కనే జర్మనీ కార్ల్స్‌రూహె కేంద్రంలోని కంట్రోలర్లకు ప్రమాదం ముందే కనబడింది. జ్యూరిచ్‌కు ఫోన్ చేశారు. లైన్ కలవలేదు. ఆ విమానాలు జ్యూరిచ్ చేతిలో ఉన్నాయి కాబట్టి వీళ్లు నేరుగా పైలట్లతో మాట్లాడటానికి నియమాలు ఒప్పుకోవు. చూస్తూ ఉండిపోయారు.

నీల్సన్ గమనించేసరికి 43 సెకన్లే మిగిలాయి. రష్యా విమానాన్ని దిగమన్నాడు. క్షణాల్లోనే దాని టీకాస్ ఎక్కమంది! సరుకు విమానంలో టీకాస్ దిగమంది, వాళ్లు దిగారు. రష్యా పైలట్లు ఒక్క క్షణం తటపటాయించారు. నీల్సన్ మళ్లీ చెప్పాడు, తొందరగా దిగమని. వాళ్లు మనిషి మాటే విన్నారు. 'మా టీకాస్ దిగమంటోంది, దిగుతున్నాం' అని సరుకు విమానం నుంచి వచ్చిన కబురు నీల్సన్ చెవిన పడలేదు. రెండో బల్ల దగ్గర ఎయిర్‌బస్‌తో మాట్లాడుతున్నాడు. ఇక్కడి సంగతి అయిపోయిందనే అనుకున్నాడు.

సరిగ్గా జపాన్‌లో జరిగిందే, అదే వరసలో. ఒక్కటే తేడా. అక్కడ పట్టపగలు, కెప్టెన్‌కు ఎదుటి విమానం ఎంత దూరంలో ఉందో కంటికి అందింది. ఇక్కడ రాత్రి 11.35. చీకట్లో రెండూ ఢీకొన్నాయి. 71 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

తలుపు తట్టిన మనిషి

జర్మనీ దర్యాప్తు బృందం 2004 మేలో ఇచ్చిన నివేదిక నీల్సన్ ఆలస్యంగా గమనించాడని రాసింది. దాచలేదు. దానితో పాటే ఒక్క మనిషితో రాత్రి డ్యూటీ నడిపించిన యాజమాన్యాన్నీ, ఒకదానికొకటి పొంతన లేని టీకాస్ నియమాలనూ ఎత్తి చూపింది. కానీ ఆ నివేదిక చదవడానికి నీల్సన్ లేడు.

ఆ విమానంలో విటాలి కలోయెవ్ అనే రష్యన్ వాస్తుశిల్పి భార్యా, కొడుకూ, కూతురూ ఉన్నారు. అప్పుడాయన స్పెయిన్‌లో కొలువులో ఉన్నాడు. వాళ్ల కోసం ఎదురుచూస్తున్నాడు. శకలాల మధ్య వెతకడానికి తనే వెళ్లాడు. కూతురి మెడలోని ముత్యాల దండ తెగి పడి దొరికింది. 2004 ఫిబ్రవరి 24న ఆయన జ్యూరిచ్ దగ్గర క్లోటెన్‌లో నీల్సన్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. చేతిలో పిల్లల ఫొటోలు. మాటా మాటా పెరిగింది. భార్యాపిల్లలు ఇంట్లో ఉండగానే నీల్సన్‌ను పొడిచి చంపాడు. క్షమాపణ చెప్పమనే వెళ్లానని తర్వాత అన్నాడు. కోర్టు 2005లో 8 ఏళ్ల శిక్ష వేసింది, 2007 నవంబరులో విడుదలయ్యాడు. కన్నబిడ్డల్ని పోగొట్టుకున్న తండ్రి ఒకవైపు, ఫోన్ కలవని రాత్రి ఒంటరిగా పనిచేసిన ఉద్యోగి మరోవైపు. వీళ్లిద్దరిలో ఎవరిని విలన్ చేసినా కథ తేలికైపోతుంది. నిజం అంత తేలిక కాదు. నీల్సన్ పనిచేసిన సంస్థ మేనేజర్లు నలుగుర్ని స్విస్ కోర్టు దోషులుగా తేల్చేసరికి 2007 సెప్టెంబరు వచ్చింది. ముగ్గురికి అమలు కాని జైలుశిక్ష, ఒకరికి జరిమానా.

ఊబర్లింగెన్ తర్వాత ఐకావో నియమం మార్చింది. కంట్రోలర్ ఏం చెప్పినా సరే, టీకాస్ చెప్పిందే పైలట్ వినాలి. జపాన్ కెప్టెన్‌కూ రష్యా కెప్టెన్‌కూ ఎదురైన చిక్కుముడికి ఇదే జవాబు. ఇప్పుడు ప్రపంచమంతటా పైలట్లకు నేర్పేది ఇదే.

కంట్రోలర్ తప్పు చేయకపోయినా ఎడం తప్పుతుంది. మన దేశానికి ఆ సంగతి ఇంకా ముందే, మరీ క్రూరంగా తెలిసింది. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద, ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబో, ఢిల్లీకి వస్తున్న కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. సౌదీ విమానంలో గల్ఫ్‌కు పనికి పోతున్నవాళ్లు ఎందరో. కంట్రోలర్ ఒకరిని 14 వేల అడుగుల్లో, మరొకరిని 15 వేలల్లో ఉండమన్నాడు. లెక్క సరిగ్గా ఉంది. కజక్ విమానం 15 వేలు దాటి కిందికి దిగిపోయింది. అప్పటి ఢిల్లీ రాడార్‌లో విమానం ఎక్కడుందో కనిపించేది గానీ, ఎంత ఎత్తులో ఉందో కనిపించేది కాదు. పైలట్ నోటి మాటను నమ్మడం తప్ప కంట్రోలర్‌కు దారి లేదు. రాకకూ పోకకూ ఒకే దారి వాడటం కూడా ఆ తర్వాతే పోయింది. మన గగనతలంలో టీకాస్‌ను తప్పనిసరి చేసిందీ ఈ ప్రమాదమే.

చెబితే ఏమవుతుంది?

ఎడం తప్పిందని తెలిసిన మరుక్షణం కంట్రోలర్‌ను సీట్లోంచి లేపేస్తారు. అది శిక్ష కాదు. చేతులు వణుకుతున్న మనిషి చేత ఇంకో పది విమానాలు నడిపించకూడదు కాబట్టి. తర్వాత టేపులు వింటారు, రాడార్ రికార్డు తిరగేస్తారు. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. ఎందుకు జరిగిందో వెతకడం ఒకటి, ఎవరు చేశారో వెతకడం రెండోది. రెండో దారి పట్టిన చోట చిన్నచిన్న పొరపాట్లు బయటికి రావు. ఎవడు చెప్పుకుంటాడు, కోరి కొరివితో తల గోక్కున్నట్టు?

నీల్సన్ పుట్టిన డెన్మార్క్ 2001లోనే దీనికో చట్టం చేసింది. పొరపాటును తనంతట తాను నివేదించిన కంట్రోలర్ మీదా, పైలట్ మీదా చర్య ఉండదు, పేరు బయటికి రాదు. తాగి పనిచేయడం, కావాలని చేయడం లాంటివి వేరు. అంతవరకూ వేళ్ల మీద లెక్కపెట్టేలా వచ్చే నివేదికలు ఏడాది తిరిగేలోగా వందల్లోకి చేరాయి. పొరపాట్లు పెరిగాయా? లేదు, నోళ్లు తెరుచుకున్నాయి.

మన దగ్గర 2022 జనవరి 7 ఉదయం బెంగళూరులో పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల మీద నుంచి కోల్‌కతా విమానం, భువనేశ్వర్ విమానం దాదాపు ఒకేసారి లేచాయి. రాడార్ ముందున్న కంట్రోలర్ చూసి వాటిని చెరో దిక్కుకూ తిప్పాడు కాబట్టి 400 మందికి పైగా బతికి బయటపడ్డారు. ఒకే రన్‌వే వాడాలని మార్చుకున్న నిర్ణయం రెండో టవర్ కంట్రోలర్‌కు చేరకపోవడమే కారణం. అయితే ఆ రోజు లాగ్‌బుక్కులో ఈ ఘటన రాయలేదని తర్వాత పత్రికల్లో వచ్చింది. రోజుల తర్వాత గానీ లోకానికి తెలియలేదు.

ఇక జపాన్ సంగతి. దర్యాప్తు సంఘం నివేదిక ఇచ్చేసి తన పని ముగించుకుంది. పోలీసులు ముగించలేదు. 2004లో శిష్యుడి మీదా, గురువు మీదా నేరాభియోగం నమోదైంది. నిర్లక్ష్యం వల్ల ప్రయాణికులను గాయపరిచారన్నది నేరం. కెప్టెన్‌ను వదిలేశారు. 2006లో టోక్యో జిల్లా కోర్టు ఇద్దర్నీ నిర్దోషులంది. ప్రాసిక్యూషన్ పై కోర్టుకు వెళ్లింది. 2008లో హైకోర్టు ఆ తీర్పును తిరగేసింది. శిష్యుడికి ఏడాది, గురువుకు ఏడాదిన్నర జైలు, రెండూ మూడేళ్లపాటు అమలు నిలిపేస్తూ. ప్రపంచంలోని కంట్రోలర్ల సంఘాలు గగ్గోలు పెట్టాయి. నోరు జారితే జైలంటే ఇక నోరు విప్పేదెవరని అడిగాయి.

2010 అక్టోబరు 26న సుప్రీంకోర్టు శిక్షను ఖాయం చేసింది. ధర్మాసనంలో ఒక న్యాయమూర్తి మాత్రం విభేదించారు. వాళ్లు జైలుకు వెళ్లలేదు. కానీ శిక్ష పడినవాళ్లు ప్రభుత్వ కొలువులో ఉండకూడదు కాబట్టి ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆ మధ్యాహ్నం రాడార్ ముందు పని నేర్చుకుంటున్న కుర్రాడికి అప్పటికి 35 ఏళ్లు నిండాయి.